పది లీటర్ల పుణ్యం

జంషెడ్‌పూర్‌లోని కాసిడీహ్‌లో ఆత్మగౌరవం ఉన్నవాడెవడూ సాక్చి బజారుకు నడిచి వెళ్లడు. బజారు పక్కనే ఉంది, అందుకే బండి మీద వెళ్తాడు. కొత్తిమీర కట్ట తేవడానికి వంద కిలోల పైచిలుకు ఇనుము వెంట లేకపోతే ఉక్కు నగరంలో పుట్టిన పరువేం కావాలి? బేరమాడినంతసేపూ ఇంజను ఆపడు. ఆపితే మళ్లీ స్టార్టు చేసే శ్రమ ఎవడు పడతాడు?

ఈ పురుషార్థాన్ని జార్ఖండ్ ప్రభుత్వం గుర్తించింది. 2022 జనవరి 26న పెట్రోలు పథకం మొదలైంది. రేషన్ కార్డూ, ద్విచక్ర వాహనమూ ఉన్నవారికి లీటరుకు 25 రూపాయల చొప్పున, నెలకు 10 లీటర్ల దాకా రాయితీ ఇస్తామన్నారు. మొత్తం 250 రూపాయలు నేరుగా బ్యాంకు ఖాతాలోకి. మరి బండే లేని నిరుపేద సంగతి? అతను ఇంకా ఆ స్థాయికి ఎదగలేదు. ముందు బండి కొనాలి, ఆ తర్వాతే పేదవాడు కావాలి. ఆ డబ్బుతో బస్సులు నడపొచ్చు కదా అంటారు చాదస్తులు. బస్సులో యాభైమంది ఎక్కుతారు. ఎవరి ఖాతాలో వేశామని చెప్పుకోవాలి?

తూకం విషయంలో మాత్రం పెట్రోలును మించిన ధర్మాత్ముడు లేడు. లీటరు పెట్రోలు బరువు ముప్పావు కిలో. కాల్చితే వచ్చే కార్బన్ డయాక్సైడు దాదాపు 2.3 కిలోలు. గాలిలోని ఆక్సిజన్ వచ్చి చేరుతుంది కాబట్టి ఇచ్చినదానికి మూడింతలు తిరిగొస్తుంది. 10 లీటర్లకు 23 కిలోలు! మన చౌకదుకాణంలో ఏ సరుకైనా ఇంత కొసరుతో ఎప్పుడైనా దొరికిందా?

ఆ చమురు ఒకనాటికి అయిపోతుందట. కోట్ల ఏళ్లు భూగర్భంలో ఉడికిన సరుకట, మనం ఖర్చుపెట్టే వేగానికి మళ్లీ ఊరదట. దేశం వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా బయటినుంచే రావాలట. అయితే ఏం? మన తెలుగువాళ్లకు కృష్ణా-గోదావరి బేసిన్ ఉంది కదా! 2005లో కాకినాడ ఎదుట సముద్రంలో 20 లక్షల కోట్ల ఘనపుటడుగుల గ్యాసు తమ ప్రభుత్వ సంస్థకు దొరికిందని అప్పటి గుజరాత్ ముఖ్యమంత్రి ప్రకటించారు. లెక్క తేలేసరికి అది సుమారు పదోవంతైంది. 2017లో అందులో 80 శాతం వాటాను ప్రభుత్వ రంగ ఓఎన్‌జీసీ కొని, మిగిలిన కలను మన ఖర్చుతో కాపాడింది. పక్కనున్న రిలయన్స్ డీ6 బ్లాకు రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్లు ఇస్తుందన్నారు. 2010లో 7 కోట్లకు చేరకుండానే దిగజారింది. 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలైన అందులోని డీ1, డీ3 క్షేత్రాలు 2020 ఫిబ్రవరిలో మూతపడ్డాయి. నిక్షేపం అంటే తరగనిదని నమ్మే జాతికి పదకొండేళ్లు నిండని నిక్షేపం దొరికింది.

గోదారి ఒడ్డువాళ్లకు మాత్రం వాటా పూర్తిగా అందింది. 1995 జనవరి 8న పాసర్లపూడి గ్యాసు బావి అంటుకుని 65 రోజులు కాలింది. 2014 జూన్ 27న నగరం అనే ఊళ్లో గ్యాసు పైపులైను పేలి ఇరవైమందికి పైగా చనిపోయారు. వెలికితీసినది దేశానిది, మంట మాత్రం ఊరిది. ఇలాంటి పంపకాల్లో మనకు తగవు రాదు.

అందుకే నాదొక విన్నపం. 10 లీటర్లను 20 చేయండి. ఎవరూ అడ్డురారు. అడ్డురావలసినవాడు ఇంకా పుట్టలేదు. వాడికి రేషన్ కార్డు లేదు, ఓటూ లేదు. వాడి లీటర్లు కూడా మన ట్యాంకులోనే పడుతున్నాయి. పొగ మాత్రం దళారీ చేయి పెట్టకుండా, కిలో తగ్గకుండా, నేరుగా వాడి ఖాతాలోకే జమవుతోంది.