రెండు డిగ్రీలు, ఒకే పదును

2022 ఏప్రిల్ నెల అనంతపురానికి అచ్చొచ్చిందో లేదో ఇప్పటికీ తేలలేదు. 4వ తేదీన జిల్లా రెండయింది. పుట్టపర్తి, హిందూపురం, కదిరి అటు పోయాయి, మేము ఇటు మిగిలాం. తొమ్మిది రోజులు తిరక్కుండానే, 13వ తేదీ మార్గదర్శకాలతో యూజీసీ డిగ్రీని కూడా రెండు చేసింది. ఒకేసారి రెండు డిగ్రీలు చదువుకోవచ్చట. రెండూ కాలేజీకి పోయి చదివేవైతే క్లాసుల వేళలు ఒకదానికొకటి అడ్డు రాకూడదు. లేదంటే ఒకటి కాలేజీలో, ఇంకొకటి దూరవిద్యలో. ఆ మరుసటేడు, 2023-24లో, మన రాష్ట్రం డిగ్రీలో మూడు సబ్జెక్టుల పద్ధతికి దణ్ణం పెట్టి సింగిల్ మేజర్ తెచ్చింది. రాష్ట్రం ఒక సబ్జెక్టు చాలంది, ఢిల్లీ రెండు డిగ్రీలు చదవమంది. పెద్దల మాట కాదనకూడదని నేను ఇద్దరి మాటా విన్నాను. కాలేజీలో బీఎస్సీ స్టాటిస్టిక్స్, దూరవిద్యలో బీకాం.

నాలుగో సెమిస్టరుకు వచ్చేసరికి బీకాం వదిలేసి తెలుగు సాహిత్యం బీఏలో చేరాలని బుద్ధి పుట్టింది. ఎవరికీ చెప్పలేదు. అయినా ఆదివారం పొద్దున ఉగ్గాని, బజ్జీల వేళకు చుట్టాలంతా దిగినారు. మా పక్క బోరు వేయాలన్నా, పెండ్లి చేయాలన్నా, డిగ్రీ మార్చాలన్నా ఖర్చు పెట్టే పని లేనివాళ్లే ముందుగా వస్తారు.

అమ్మ మొదలుపెట్టింది. "తెలుగు ఇంట్లో ఊరికే మాట్లాడతానే ఉండావు గదరా, దానికి మళ్లా ఫీజెందుకు?"

మేనమామకు ఏ విషయం మీదైనా ఒకే ఉదాహరణ ఉంది. "మన జిల్లా బుక్కాపురం మూలాలుండే సత్య నాదెళ్లను సూడు. మైక్రోసాఫ్ట్‌లో పని చేస్తానే శని, ఆదివారాలు షికాగోకు పోయి చదివి 1997లో ఎంబీఏ తెచ్చుకున్యాడు. నువ్వు ఇంట్లో కూసోని బీకాం చదవలేవా?"

"ఆయన విమానంలో పోయినాడు మామా. నాకుండేది స్టూడెంట్ బస్ పాసు."

లాభం లేదని నేనూ ఒక పెద్దాయన్ను దింపినాను. ఇల్లూరు నీలం సంజీవరెడ్డి గారు మా ఊరి ఆర్ట్స్ కాలేజీలో చదువుతూ 1931లో మధ్యలోనే వదిలేశారు. 1977లో రాష్ట్రపతి అయ్యారు. డిగ్రీ పూర్తిచేసినవాళ్లు మా వీధిలో బోలెడుమంది ఉన్నా ఒక్కరూ కాలేదు.

అమ్మ గంటె కింద పెట్టింది. "ఆయన దేశం కోసం వదిలినాడు. నువ్వు అకౌంట్స్ బ్యాలెన్స్ కాలేదని వదుల్తాండావు."

చిన్నాయన గొంతు సవరించుకున్నాడు. మధ్యలో మార్చేది మన వంశంలో లేదన్నాడు. వంశంలో లేకపోవచ్చు, ఊర్లో ఉంది. మా జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ 1946లో మద్రాసు గిండీలో పుట్టింది, రెండేళ్లకే 1948లో అనంతపురం వచ్చేసింది. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం 1968లో తిరుపతి వెంకటేశ్వర విశ్వవిద్యాలయానికి పీజీ సెంటరుగా మొదలై, 1981లో వేరు కాపురం పెట్టింది. అంతంత కాలేజీలే మధ్యలో ఊరూ పేరూ మార్చుకుంటే నాకెందుకు తప్పు?

"వాటికి పెండ్లి సంబంధాలు చూసే పని లేదు" అన్నాడు చిన్నాయన.

నా దగ్గర ఇంకో అస్త్రం ఉంది: 2021లో వచ్చిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్. చదివిన చదువు క్రెడిట్లుగా అందులో జమవుతుంది, ఏడేళ్ల దాకా చెల్లుతుంది. బ్యాంకు అనే మాట వినగానే నాయన ముఖం వెలిగింది. వివరాలు వినేకొద్దీ ఆ వెలుగు తగ్గింది. దాచుకున్న క్రెడిట్లను కొత్త కోర్సువాళ్లు ఒప్పుకోవాలి. ఇంగ్లీషులాంటి ఉమ్మడి పేపర్లు పనికొస్తే రావచ్చు గానీ, కాస్ట్ అకౌంటింగ్ తీసుకుపోయి ప్రబంధ సాహిత్యం కింద జమ చేయమంటే ఎవరు చేస్తారు?

అంతసేపూ తాత ఉగ్గాని తింటూ ఉన్నాడు. చెయ్యి కడుక్కొని ఒక్కమాట అడిగినాడు. "అబ్బీ, నీ రెండు పైర్లకు నీళ్లు ఎప్పుడెప్పుడు కావల్ల?"

ఏడాదికి 550 మిల్లీమీటర్ల అటూఇటూ కురిసే నేలలో సేద్యం చేసినవాడి ప్రశ్న అది. మా పక్క శెనక్కాయ చేలో కంది సాళ్లు వేస్తారు. శెనక్కాయ ఊడలు దిగేటప్పుడు పదును అడుగుతుంది. అది పీకేసినాక కంది తీరిగ్గా పూత పడుతుంది. రెండూ ఒకే వారం దాహమంటే రెండూ ఎండుతాయి. జూలై దాటినా వాన రాకపోతే శెనక్కాయ ఆశ వదిలి, పదును దొరికినప్పుడు ఉలవలు చల్లుతారు. అప్పటికే దున్నిన కూలీ తలుచుకుంటూ కూర్చుంటే ఉలవల అదునూ పోతుంది.

నేను రెండు పరీక్షల టైంటేబుళ్లు తెచ్చి చాప మీద పక్కపక్కన పరిచినాను. స్టాటిస్టిక్స్ సెమిస్టరు చివరి పరీక్షలు, ప్రాక్టికల్స్, బీకాం పరీక్షలు అన్నీ డిసెంబరు చుట్టే మూగినాయి. నేను చేరాలనుకున్న తెలుగు బీఏ పరీక్షలు ఎప్పుడని చూస్తే, అవీ డిసెంబరులోనే. బీకాం మీద నాకున్న కోపమంతా నిజానికి డిసెంబరు మీద కోపం. సబ్జెక్టు మార్చినా నెల మారదు.

దూరవిద్యలో మూడేళ్ల డిగ్రీకి ఆరేళ్ల దాకా గడువిచ్చే విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. నాదీ అట్లాంటిదే. అందుకని స్టాటిస్టిక్స్ ముందు ముగించి, బీకాం పేపర్లు తర్వాత నింపాదిగా రాసేటట్టు తీర్మానమైంది. డిగ్రీలు అవే, వరుస మారింది. తెలుగు సాహిత్యం జిల్లా గ్రంథాలయంలో చదువుతున్నాను, ఫీజు లేకుండా. అమ్మ మాటే నెగ్గింది. ఆ సంగతి ఆమె రోజుకొకసారి గుర్తుచేస్తోంది.

నాలాగా గట్టు మీద నిలబడినవాళ్లకు చెప్పేది ఇంతే. ఇంకా సగానికి పైగా చదువు మిగిలి, ఆ సబ్జెక్టుతో బతకలేమని తేలితే, కట్టిన ఫీజు లెక్క చూడకుండా ఇప్పుడే మారండి. ఒకటి రెండు సెమిస్టర్లే ఉంటే పళ్లు బిగబట్టి ముగించండి. ఏది చేసినా ముందు రెండు టైంటేబుళ్లూ పక్కపక్కన పెట్టుకోండి, చుట్టాలకు ఉగ్గాని తర్వాత చేయొచ్చు.