తడిసిన క్రియలు

చిలకలూరిపేటలో ఎవరి చేతికైనా గుప్పెడు పత్తి ఇచ్చి చూడండి. పిసికి చూసి, నీళ్లు చల్లారో లేదో చెప్పేస్తారు. అలాంటి ఊళ్లో పుట్టి మా అన్నయ్య కొడుకు ఏకంగా రెజ్యూమెకే నీళ్లు చల్లాడు.

బీటెక్ అయ్యాక వాడు జిన్నింగ్ మిల్లులో ఒక సీజను కాటా దగ్గర కూర్చున్నాడు. లోడు బండి బరువు, దించాక ఖాళీ బండి బరువు రాసుకుని, తీసివేసి చీటీ ఇవ్వడం పని. రెజ్యూమెలో మాత్రం ‘లాజిస్టిక్స్‌ను స్పియర్‌హెడ్ చేశాను’ అని ఉంది. కోటప్పకొండ తిరునాళ్లలో ప్రభ తాడు పట్టుకున్నందుకు ‘టీమ్‌ను డ్రైవ్ చేశాను’ట. పట్టుకున్నది ఫొటో తీసేదాకానే!

“బలమైన క్రియలు వాడమన్నారు బాబాయ్.”

నిజమే. ‘కాటా బాధ్యతలు చూశాను’ అంటే కుర్చీలో కునుకు తీసినా చెల్లుతుంది. కానీ బలం వేరు, బరువు వేరు. పత్తి కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ వాళ్లు తేమ 8 శాతం దాటితే ధరలో కోత పెడతారు, 12 దాటితే బండి వెనక్కే. ఇంటర్వ్యూ చేసేవాడికి తేమ మీటరు అక్కర్లేదు, ‘ఎంత? ఎలా?’ అంటే చాలు.

పక్కింటి రిటైర్డు గుమాస్తాగారు అంతా విన్నారు. “స్పియర్‌హెడ్ అంటే ఏంట్రా?”

“ముందుండి నడిపించడం, తాతయ్యా.”

“కాటా ఎక్కడికి నడిచిందిరా?”

నేను గొప్పకు లియొనార్డో డావిన్సీని తెచ్చాను. 1482 ప్రాంతంలో మిలాన్ పాలకుడు లుడొవికో స్ఫోర్జాకు ఆయన కొలువు కోసం ఉత్తరం రాశాడు. మోసుకుపోయే వంతెనలు కడతాను, కందకంలో నీళ్లు తోడిస్తాను, కప్పున్న యుద్ధ బళ్లు చేస్తాను అంటూ ఏకరువు పెట్టి, బొమ్మలేయడం చివర్లో ఎక్కడో చెప్పాడు.

“చేశానన్నాడా, చేస్తానన్నాడా?” అన్నారు గుమాస్తాగారు.

“చేస్తాననే.”

“అయితే అడ్వాన్సు ఇవ్వమాకండి.”

చివరికి కూర్చుని తిరగరాశాం. తూచాను, సరిచూశాను, తేడా వచ్చిన బండిని ఆపి మళ్లీ తూకం వేయించాను. ఈ ఆఖరిది వాడు మొదట రాయనే లేదు. డ్రైవరుతో గొడవైంది కదా, రాస్తే బాగోదనుకున్నాడట. పేజీ మొత్తంలో ఉద్యోగం తెచ్చే క్రియ అదొక్కటే!

హైదరాబాదు ఇంటర్వ్యూలో ఆ బండి గురించే గుచ్చి గుచ్చి అడిగారట. చివర్లో ‘తెలియజేస్తాం’ అన్నారట. ఎప్పుడని మావాడు అడగలేదు. గుమాస్తాగారు మాత్రం రోజూ అడుగుతున్నారు.