బాబు ఇంకా బోర్లా పడలేదు

2025 సెప్టెంబరు 8న ప్రపంచ ఫిజియోథెరపీ దినోత్సవం. శుభాకాంక్షల ఫ్లెక్సీలు కట్టారు, మోకాళ్ల నొప్పులకు ఉచిత శిబిరాలు పెట్టారు, సీనియర్ ఫిజియోలకు శాలువాలు కప్పారు. ఆ శాలువా మడత పెట్టకముందే, 9న, కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ నుంచి డాక్టర్ల సంఘమైన ఐఎంఏకి ఉత్తరం వెళ్లింది. ఫిజియోథెరపిస్టులు పేరు ముందు ‘డాక్టర్’ అని పెట్టుకోకూడదట, జనం పొరబడతారట, అది నకిలీ వైద్యానికి దారి తీస్తుందట. 10న అదే ఆఫీసు నుంచి ఇంకో ఉత్తరం. విషయం ఇంకా లోతుగా చూడాలి కాబట్టి నిన్నటి ఉత్తరాన్ని వెనక్కి తీసుకున్నట్టే భావించాలట.

ఆ బిరుదు పెట్టుకోవచ్చని అదే ఏడు ఏప్రిల్‌లో ఫిజియోథెరపీ సిలబస్‌లో రాసింది కూడా అదే ఆరోగ్య శాఖ కింద ఉన్న కమిషనే. పేరుకు ముందు డాక్టరు, వెనక పీటీ. డాక్టరనాలా వద్దా అన్న తగువులోకి మాత్రం నేను దిగను. టీవీల్లో దిగినవాళ్లు చాలు. నా ఆసక్తంతా ఆ ఇరవై నాలుగ్గంటల మీదే. ఒక కాలు చటుక్కున ముందుకొచ్చింది, చటుక్కున వెనక్కెళ్లింది. ఫిజియోథెరపీకి సంబంధించినంత వరకూ సర్కారు వారి ఒంట్లో ఇంత చురుకైన కదలిక చూసి నాలుగేళ్లు దాటింది. నిజానికి ఇది ఇరుగుపొరుగును పిలిచి చెప్పుకోవాల్సిన కబురు. ఎందుకంటే సర్కారు వారి ఇంట్లో ఓ పసివాడున్నాడు.

బాబు పేరు జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం. పేరు పూర్తిగా పిలిచేలోపు పిలిచినవాడికి ఆయాసం వస్తుంది కాబట్టి ఇంట్లో బాబనే అంటారు. పుట్టింది 2021 మార్చి 28న, రాష్ట్రపతి సంతకంతో. అదే ఏడు మే 25న అమల్లోకి తెచ్చారు. జాతకం దివ్యంగా ఉంది. ఆరు నెలల్లో ప్రతి రాష్ట్రంలోనూ కౌన్సిల్ రూపంలో లేచి కూర్చుంటాడని 22వ సెక్షన్‌లో రాసి ఉంది. కూర్చున్నాక రిజిస్టర్ తెరుస్తాడు. అందులో పేరెక్కినవాళ్లే ఫిజియోలు, ఎక్కకుండా ప్రాక్టీసు చేస్తే శిక్ష. ఫిజియోథెరపిస్టు స్వతంత్రంగా గానీ, మిగతా వైద్య బృందంతో కలిసి గానీ పనిచేయవచ్చని కూడా బాబు జాతకంలోనే ఉంది. 9వ తేదీ ఉత్తరం రాసినవారికి జాతకాల మీద నమ్మకం లేనట్టుంది.

మన ఇళ్లల్లో పసివాళ్లకు ఒక లెక్కుంది. బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు, మాటలొస్తే చిలకలు. ఈ ఇంట్లో 2021 నవంబరుకల్లా బొబ్బట్లు పంచాలి. పూర్ణం ఉడికించి పెట్టారు, బాబు బోర్లా పడలేదు. ఏడాది నిండింది, అడుగు లేదు. రెండు, మూడు నిండాయి. అరిసెల పాకం ముదిరి గొడ్డలితో కొట్టినా పగలకుండా అయింది. బాబు వెల్లకిలా పడుకుని ఫ్యాను చూస్తున్నాడు.

చివరికి పెద్దాయన రావలసి వచ్చింది. సుప్రీంకోర్టు. 2024 ఆగస్టు 12న వచ్చి, ఎన్ని రాష్ట్రాల్లో బాబుకు కౌన్సిల్ ఉయ్యాల కట్టారని అడిగారు. పద్నాలుగన్నారు. పోనీ ఆ పద్నాలుగు ఉయ్యాలల్లోనైనా బాబు కదులుతున్నాడా అంటే, అబ్బే, ఉయ్యాల ఊగుతోంది గానీ బాబు కాదన్నారు. అక్టోబరు 12 లోగా నడిపించండని చెప్పి పెద్దాయన వెళ్లారు. దీన్ని ఫిజియోలు ప్యాసివ్ మూవ్‌మెంట్ అంటారు. రోగి కదపడు, ఇంకొకరు కాలు పట్టుకుని ఎత్తుతారు. పట్టుకున్నంతసేపూ పైనుంటుంది, వదిలేస్తే పడిపోతుంది. ఆ అక్టోబరు ఎప్పుడో పోయింది.

ఇక లాభం లేదని నేనే ఒక ఫిజియోను సచివాలయంలో ఉన్న బాబు దగ్గరకు పంపాను, ఊహలోనే లెండి. బీపీటీ నాలుగున్నరేళ్లు చదివి, ఆ మీద ఎంపీటీ చేసి, అడుగులు ఆలస్యమైన పిల్లల్ని నడిపించే అమ్మాయి. సంచీలో ఒక బంతి, గిలక్కాయ, రిఫ్లెక్స్ సుత్తి, కీలు ఎన్ని డిగ్రీలు వంగుతుందో కొలిచే గోనియోమీటరు. ఏ రాష్ట్రం సచివాలయమని అడక్కండి. ఏ రాష్ట్రంవారు చదివితే ఆ రాష్ట్రమే.

గుమ్మంలో సెక్షన్ ఆఫీసరు గారున్నారు. ఆయనకు ముందు పిలుపు దగ్గరే ఇబ్బందొచ్చింది. 8వ తేదీ అయితే ‘రండి డాక్టరు గారూ’ అనేవారు, 9వ తేదీ అయితే ‘ఏమ్మా’ అనేవారు. 10 దాటింది కాబట్టి మధ్యేమార్గంగా ‘ఏవండమ్మా’ అన్నారు.

“బాబును చూడ్డానికొచ్చాను సార్.”

“లైసెన్సు చూపించండి.”

“అది బాబే ఇవ్వాలి సార్.”

“బాబు పడుకున్నాడమ్మా.”

“అందుకే వచ్చాను సార్. లేపుదామని.”

“లైసెన్సు లేకుండా చెయ్యి వేస్తే శిక్షమ్మా. బాబు జాతకంలోనే ఉంది.”

“బాబు లేస్తేనే కద సార్ లైసెన్సు.”

“లైసెన్సుంటేనే కదమ్మా లేపేది.”

కాసేపు ఇద్దరూ గోడమీది క్యాలెండర్ చూశారు. అది 2021ది.

“పోనీ రెన్యువల్ కింద రాసుకోండి సార్,” అంది అమ్మాయి విసుగొచ్చి.

సెక్షన్ ఆఫీసరు గారి మొహం వెలిగింది. రూల్సు తెలిసినవారి మొహాలు అలాగే వెలుగుతాయి. “మొదటిదే ఇవ్వలేదు, రెన్యువల్ ఎక్కడిదమ్మా? మీకర్థం కావట్లేదు గానీ ఇందులో ఎంత సుఖముందో! వేరే దేశాల్లో ఎలా ఉంటుంది?”

“మా క్లాస్‌మేటు కాలిఫోర్నియాలో ఉంది సార్. రెండేళ్లకోసారి రెన్యువల్. ఆ రెండేళ్లలో ముప్పై గంటలు కొత్తగా చదువుకున్నట్టు చూపించాలి. న్యూయార్క్‌లో అయితే మూడేళ్లకు ముప్పై ఆరు గంటలు.”

“చూశారా, ఎంత హింసో! మనకి ఫీజు లేదు, ఫారం లేదు, చదువు లేదు. ఇవ్వని లైసెన్సుకు గడువు తీరదు. ఇంతటి జీవితకాలపు హామీ ప్రపంచంలో ఇంకెవరిచ్చారో చెప్పండి.”

“కానీ ఆ అమ్మాయి ఇక్కణ్నుంచి అప్లై చేసినప్పుడు, మీ రాష్ట్రంలో మీ లైసెన్సు సరైనదేనని మీ కౌన్సిలే నేరుగా మాకు రాయాలన్నారు సార్. తన దగ్గర యూనివర్సిటీ మార్కుల జాబితాలున్నాయి, ఇంటర్న్‌షిప్ కాగితముంది, ఫిజియోథెరపిస్టుల సంఘం సభ్యత్వ కార్డుంది. 1955 నుంచీ ఉన్న సంఘమండీ అంటే, సంఘం వేరు కౌన్సిల్ వేరు అన్నారు.”

“నిజమే మరి. ఢిల్లీ, మహారాష్ట్ర, గుజరాత్‌లకు సొంత కౌన్సిళ్లుండేవి. అక్కడ పుట్టాల్సింది.”

“పోనీ బాబు చేత వేలిముద్ర వేయించి ఇవ్వకూడదా సార్?”

“నిద్రపోయేవాడి వేలిముద్ర చెల్లదమ్మా. ఆడిట్ అభ్యంతరం వస్తుంది.”

ఇంతలో లోపల్నుంచి దబ్బుమని చప్పుడు. 9వ తేదీ ఉత్తరం తగిలిందో, దాని మీద ఫిజియోలు చేసిన గోల తగిలిందో, బాబు కాలు ఒక్కసారి పైకెగిరి పడింది. సెక్షన్ ఆఫీసరు గారి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. “కదిలాడు! మా బాబు కదిలాడు! ఒరేయ్, బొబ్బట్లకు చెప్పండ్రా!”

అమ్మాయి గుమ్మం దాటకుండానే చెయ్యి చాచి సుత్తితో మోకాలి చిప్ప కింద తట్టింది. కాలు గుర్రం తన్నినట్టు తన్నింది. రెండో మోకాలు తట్టింది. అదీ అంతే. “కాలెత్తు నాన్నా” అంది, గిలక్కాయ ఆడించి. ఉలుకూ పలుకూ లేదు. సుత్తి సంచీలో పెట్టేసింది.

“బొబ్బట్లు ఆపండి సార్.”

“అదేమిటమ్మా! అంత బాగా తన్నాడుగా!”

“అది రిఫ్లెక్స్ సార్. తనంతట తాను కదపమంటే కదపలేడు, తడితే మాత్రం మామూలు కంటే గట్టిగా తంతాడు. ఇలాంటప్పుడు కాలిలో దోషం లేదని అర్థం. కండ ఉంది, కీలు వంగుతోంది, కింది నరం పనిచేస్తోంది. లోపం పైన సార్.”

“పైన అంటే?”

అమ్మాయి తలవైపు వేలు చూపించింది. సెక్షన్ ఆఫీసరు గారు ఆ వేలి వెంట చూసి ఇంకా పైకి, కప్పు దాకా చూశారు. పై అంతస్తులో పేషీ. గబగబా తలుపు దగ్గరకు వేసి, “ఊరుకోండమ్మా, పైవాళ్ల గురించి ఇక్కడ అలా మాట్లాడకూడదు,” అన్నారు గొంతు తగ్గించి.

“కింది నుంచి మేం కొట్టినప్పుడే కదులుతున్నాడు సార్. పై నుంచి నడవమన్న మాట రావట్లేదు. అది వస్తే రేపే లేస్తాడు.”

“మందేమైనా రాస్తారా?”

“మందులు రాస్తే మళ్లీ ఉత్తరం వస్తుంది సార్. రోజూ కాసేపు బోర్లా పడుకోబెట్టండి. ఎదురుగా కొంచెం దూరంలో బొమ్మ పెట్టండి, దానికోసం పాకుతాడు.”

“ఏ బొమ్మ?”

“ఒక ఆఫీసు, ఒక రిజిస్ట్రారు, నలుగురు సిబ్బంది, ఒక కంప్యూటరు.”

“ఆ బొమ్మ ఆర్థిక శాఖ బీరువాలో ఉందమ్మా. తాళం పెద్దవాళ్ల దగ్గరుంది,” అని నిట్టూర్చి, ఆమె పేరు విజిటర్స్ రిజిస్టర్లో రాసుకున్నారాయన. నాలుగేళ్లలో ఒక ఫిజియో పేరెక్కిన సర్కారీ రిజిస్టర్ అదొక్కటే కాబోలు. అమ్మాయి దాన్నే ఫొటో తీసుకుని కాలిఫోర్నియాకు పంపుదామా అని మెట్ల మీద కాసేపు ఆలోచించింది.

9వ తేదీ ఉత్తరంలో ఇంకో మాట కూడా ఉంది లెండి. ఫిజియోథెరపీ చదివినవారికి మరింత సముచితమైన, గౌరవప్రదమైన బిరుదేదైనా ఆలోచించవచ్చని. రేపో మాపో దానికో కమిటీ పడుతుంది. పంతుళ్లు, నిఘంటువులు, టీఏ, డీఏ. బాబు ఫ్యాను చూస్తూనే ఉంటాడు.

అన్నింటికీ నవ్వాను గానీ, ‘నకిలీ వైద్యం’ అన్న మాట దగ్గర నా నవ్వాగిపోయింది.

మీ వీధి చివర బోర్డు చూడండి. పక్షవాతం, నడుము నొప్పి, మోకాళ్లు అరిగినవారికి కరెంటు పెట్టబడును, సెల్ నంబరు. లోపల ఉన్నవాడు నాలుగున్నరేళ్లు చదివినవాడో, ఏదో ఆస్పత్రిలో నాలుగు నెలలు బెడ్లు తోసి మిషను మీటలు నేర్చుకున్నవాడో, బోర్డు చూసి మీరు చెప్పగలరా? షుగరు ముదిరి అరికాళ్లలో స్పర్శ పోయిన పెద్దాయన ఒకరు కాలు లాగుతోందని అక్కడికి వెళ్తారు. చదువుకున్న ఫిజియో అయితే వేడి కాపడం పెట్టేముందు రెండు గాజు గొట్టాలు తీస్తుంది. ఒకదాంట్లో వేడినీళ్లు, ఒకదాంట్లో చన్నీళ్లు. కళ్లు మూసుకోమని, ఒక్కోటీ కాలికి ఆనించి, వేడా చల్లనా తాతగారూ అని అడుగుతుంది. ఆయన తప్పు చెబితే ఆ కాలికి వేడి పెట్టదు. అర నిమిషం పని. అది తెలియనివాడు ప్యాక్ చుట్టి, అలారం పెట్టి, ఫోను చూసుకుంటాడు. కాలుతున్నట్టు పెద్దాయనకు తెలియదు. ఇంటికెళ్లాక మనవరాలు బొబ్బ చూసి అరుస్తుంది. షుగరు కాలికి బొబ్బ లేస్తే అది ఎక్కడి దాకా వెళ్తుందో మన ఇళ్లల్లో చెప్పాల్సిన పని లేదు.

ఆ రెండు గొట్టాల సంగతి తెలిసినవారెవరో, తెలియనివారెవరో రోగికి చెప్పేది పేరు ముందున్న బిరుదు కాదు, రిజిస్టరు. నకిలీని పట్టుకునే సాధనం దేశం చేతికొచ్చి నాలుగేళ్లు దాటింది. దాన్ని పక్కన పడేసి కూర్చున్నవాళ్లకు ఆ అమ్మాయి పేరు పలక మీద నకిలీ కనిపించిందా? పక్షవాతం వచ్చినవాడికి చెయ్యీ కాలూ ఎక్కువగా తిరిగొచ్చేది మొదటి కొన్ని నెలల్లోనే. ఆ నెలలు పోతే ఏ కోర్టూ గడువు పెంచదు. వాటిని ఎవరి చేతుల్లో పెట్టాలో తెలియక, ఆటో డ్రైవరును, మందుల షాపువాణ్ని అడిగి ఎవరింటికో వెళ్తున్నారు జనం. సర్కారు వారు చూపించాల్సిన జాబితా వాళ్లు చూపిస్తున్నారు. చదువుకున్న పిల్లలు దొంగల్లా నిలబడి, మాది అసలైన డిగ్రీయేనండీ అని ప్రతి రోగికీ విడిగా రుజువు చేసుకుంటున్నారు. దొంగలు దర్జాగా కరెంటు పెడుతున్నారు.

రిజిస్టర్ తెరవండయ్యా. అందులో ఫిజియో పేరు ముందు మీకు నచ్చిన ముక్క రాసుకోండి, లేదా ఏమీ రాయకండి. మా వీధి చివర మిషను తిప్పుతున్నవాడి పేరు అందులో ఉందో లేదో, మా నాన్న కాలు వాడి చేతికిచ్చేముందు మాకు తెలియాలి.