కొత్తిమీరయె లేదు: ఒక విందుపద్యానికి టీకా తాత్పర్యం

మూలము

అమ్మ యూరు వోయె అందుకే యీరేయి
నేనె వంట జేతు నీవు రమ్ము
కోడికూర కలదు కొత్తిమీరయె లేదు
తెమ్ము వచ్చువేళ తీరికున్న

అవతారిక

బాలాపూర్‌లో కాపురముండే ఒక గృహస్థుడు పెళ్లిరోజు సాయంత్రం, ఆఫీసులో ఉన్న భార్యకు వాట్సాప్‌లో పంపిన ఆటవెలది ఇది. యతులు కుదిరాయి. కూర సంగతి రాత్రికి గాని తేలదు. కాళిదాసుకు వ్యాఖ్యానాలు రాసిన మల్లినాథసూరిది మన మెదక్ జిల్లా కొల్చారమే. మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని ఆయన ముందే మాటిచ్చాడు. ఈ వ్యాఖ్యాతకు అంత నిగ్రహం లేదు.

ప్రతిపదార్థము

అమ్మ = కవి తల్లి, అనగా నాయికకు అత్తగారు; ఊరు పోయె = ఊరికి పోయెను, రేపటిదాకా రాదని ధ్వని; అందుకే = ఆ కారణము చేతనే (పెళ్లిరోజు కారణం కాదా అని నాయిక అడుగవచ్చును; కవి జవాబు సిద్ధము చేసుకొనవలెను); ఈ రేయి = ఈ రాత్రి; నేనె = నేను మాత్రమే; వంట చేతు = వండెదను; నీవు రమ్ము = వేళకు రమ్మని శేషము; కోడికూర కలదు = అరకిలో కోడిమాంసము కడిగి, ఉప్పు పసుపు పట్టించి గిన్నెలో ఉంచబడినది. అది ఇంకను పొయ్యి ఎక్కలేదు గనుక ‘కలదు’ అనుట అతిశయోక్తి. కొత్తిమీరయె లేదు = తక్కినవన్నియు ఉన్నవని బడాయి; తీరికున్న = తీరిక ఉన్నచో. లేకున్నను తేవలెనని భావము.

తాత్పర్యము

అత్తమ్మ ఇంట్లో లేదు, వంట నాది, కొత్తిమీర నీది.

విశేషములు

భార్య పుట్టినరోజు, పెళ్లిరోజు తప్ప పొయ్యి ముట్టని నాయకులు చాలామంది. వాళ్లకు పూర్వాచార్యుడు నలుడు. భారతం అరణ్యపర్వంలో బాహుకుడి వేషంలో ఉన్న నలుణ్ణి దమయంతి పట్టుకున్న తీరు తెలిసిందే: అతడు వండిన మాంసం తెప్పించుకుని రుచి చూసింది, మొగుడే అని తేల్చేసింది. బాలాపూర్‌లోనూ మొదటి ముద్దకే వండినదెవరో తెలిసిపోతుంది. అది మెప్పుగానా, కాదా అన్నది వేరే విచారణ.

ఇక రసం. రసమంటే ఏమిటో చెప్పవలసి వచ్చినప్పుడు భరతుడు నాట్యశాస్త్రం 6వ అధ్యాయంలో వంటింటికే వెళ్లాడు. రకరకాల దినుసులు కలిసి రుచి పుట్టినట్టే భావాలన్నీ కలిసి రసం పుడుతుందన్నాడు. మన కవికి శాస్త్రంతో పనిలేదు, నేరుగా దినుసులతోనే మొదలుపెట్టాడు. ఆలంబన విభావం నాయిక. ఉద్దీపనానికి వెన్నెల, మలయమారుతం చెప్పడం ఆచారం. ఇక్కడ అల్లం ఎల్లిగడ్డ వేగే వాసన. కన్నీరు అష్ట సాత్త్విక భావాలలో ఒకటి కదా, నాయకుడి కళ్లలో నీళ్లు ఆ కోవలోవా, ఉల్లిగడ్డల వల్లనా అన్న సందేహం సంచారీ భావాల జోలికి పోకుండానే తీరుతుంది: ఉల్లిగడ్డల వల్లనే.

ఆ ఉల్లిగడ్డలు ఎర్రబడేదాకా ఆగలేకపోవడమే కొత్త వంటవాడి లక్షణం. పచ్చిగా ఉండగానే ముక్కలు వేస్తాడు, ఆ వెంటనే గ్లాసెడు నీళ్లు పోస్తాడు. రెండూ తప్పే. ముక్కలు వేసి మూతపెడితే కోడి తన నీళ్లు తానే వదులుతుంది. అవి ఇగిరి, నూనె అంచులకు తేలాకే కారం, ఆపైన కావలసినన్ని నీళ్లు. ధనియాలు, ఎండుకొబ్బరి, గసగసాలు వేయించి దంచిన పొడి దించేముందు. కొత్తిమీర పొయ్యి ఆపాక.

కవి హృదయం సరిగ్గా ఇక్కడ దొరుకుతుంది. వండిపెడతానన్నవాడు మళ్లీ ఆమెకే పని పురమాయించడమేమిటని ఆక్షేపించేవారున్నారు. వారు కూర వండి ఎరుగరు. ఉల్లిగడ్డలు తెమ్మని ఉంటే నాయిక వచ్చేదాకా పొయ్యి వెలగదు. వచ్చాక గరిటె ఆమె చేతికే పోతుంది. కవి అడిగినదేమో అన్నిటికన్నా చివర పడేది. బాలాపూర్ చౌరస్తాలో ట్రాఫిక్ ఎంత ఆపినా పరవాలేదు, కూర ఆమె కోసం ఆగదు, ఆమె కూర కోసం ఉరుకక్కర్లేదు. ‘నేనె’ అన్న మాట నిలబడింది.

తీపి మాట మూలంలో లేదు. ఊరు బాలాపూర్ గనుక లడ్డూ అర్థాపత్తి చేత వస్తుందని ఒకరి మతం. అది పొసగదు. ఏటా జరిగే వేలంలో 1994లో 450 రూపాయలతో మొదలై 2024లో 30 లక్షల 1 వేయి పలికిన ఆ గణేశుడి లడ్డూ 21 కిలోలు. వేలంలో దక్కించుకున్నవారు ఇంటివాళ్లకు, ఊరివాళ్లకు పంచుతారు, పొలాల్లో చల్లుతారు. పదిమందితో పంచుకునే తీపి ఇద్దరి విందుకు కుదరదు. డబ్బాలో సేమ్యా ఉంది, ఫ్రిజ్‌లో పాలున్నాయి, పాయసం చాలు.

గిన్నెలు కడిగేదెవరన్న విషయంలో మాత్రం కవి మౌనం గాఢం. దీన్ని కావ్యదోషంగానే లెక్కించాలి.

నాయిక ప్రత్యుత్తరం పద్యంలో లేదు, ఒక్క ముక్కలో వచ్చింది: “మరి పుదీన?” కోడికూర పక్కన బగారన్నం ఉండాలని, దానికి పుదీన కావాలని, అది ఇంట్లో లేదని ఆమె ఆఫీసులో కూర్చునే కనిపెట్టింది. నాయకుడు బియ్యం కూడా నానబెట్టలేదు.