రొయ్యకు పీసీఆర్... ఆవుకు అంచనా!

భీమవరంలో రొయ్య పిల్లకు పీసీఆర్ పరీక్ష చేస్తారు. ఒక్కో పిల్ల రూపాయి కూడా చేయదు. అయినా చెరువులో వదిలే ముందు తెల్లమచ్చ వైరస్ ఉందా, ఈహెచ్‌పీ అనే క్రిమి ఉందా అని ల్యాబులో తేల్చుకుంటారు. అమలాపురం వెళ్లండి, కాకినాడ వెళ్లండి. ఇదే వరస. రొయ్య డాలర్లు తెస్తుంది మరి! అదే ఊళ్లో, ఆ చెరువు గట్టు పక్కనే, అప్పు చేసి కొన్న జెర్సీ ఆవు 106 డిగ్రీల జ్వరంతో కూలబడితే? పరీక్షా? పాడా? మూడు సూదులు, ఒక గ్లూకోజు సీసా, 'చూద్దాం' అనే మాట.

ఏం చూస్తారండీ? ఎందులో చూస్తారు?

గోమారి నెత్తురు తాగుతూ అంటించే జ్వరం ఒకటి కాదు. థైలేరియా అయితే జబ్బ దగ్గర గడ్డ ఉబ్బుతుంది. బెబీసియా అయితే మూత్రం కాఫీ రంగులో పోస్తుంది. అనాప్లాస్మా అయితే కళ్లు పచ్చబడతాయి, మూత్రం మాత్రం మామూలే. పుస్తకంలో ఇంత తేటగానే ఉంటుంది. కొట్టంలో, మొదటి రోజున, మూడూ ఒకే మొహం పెడతాయి. జ్వరం. మేత మానేయడం. పాలు ఎగ్గొట్టడం. మందులు మాత్రం దేనికదే. థైలేరియాకు బుపర్వాక్వోన్, బెబీసియాకు డైమినజీన్, అనాప్లాస్మాకు ఆక్సీటెట్రాసైక్లిన్. థైలేరియా పట్టిన ఆవుకు డైమినజీన్ పొడిస్తే ఆ క్రిమికి చీమ కుట్టినట్టయినా ఉండదు. రైతు జేబుకు మాత్రం తేలు కుడుతుంది.

తేల్చడానికి కావలసిందేమిటి? చెవి కొసన ఒక్క నెత్తురు చుక్క. ఒక గాజు పలక. కాస్త మిథనాల్, కాస్త జీమ్సా రంగు. ముప్పావుగంట ఓపిక. ఒక మైక్రోస్కోపు. ఇదేమన్నా చంద్రయానమా? అమెరికాలో స్మిత్, కిల్‌బోర్న్ అనే ఇద్దరు పశువుల జ్వరాన్ని మోసేది గోమారేనని 1893లోనే తేల్చారు. మలేరియా మోసే దోమ గుట్టును రోనాల్డ్ రాస్ మన సికింద్రాబాదులో పట్టింది 1897లో. అంటే గోమారి దోమకంటే నాలుగేళ్లు సీనియర్! సీనియారిటీ అంటే ప్రాణమిచ్చే సర్కారీ శాఖలో ఈ సీనియర్ ఫైలు ఎందుకు కదలదో?

హామీలకేం, బోలెడు. 2022 మే 19న రాష్ట్ర సర్కారువారు 175 పశు అంబులెన్సులకు జెండా ఊపారు. మరుసటి జనవరిలో ఇంకో 165. 1962 నంబరుకు ఫోన్ కొట్టండి, మీ గుమ్మంలో వాలతాం అన్నారు. బండిలోనే మైక్రోస్కోపట, 15 రకాల రక్త పరీక్షలట, వెయ్యి కిలోల పశువును ఎత్తే లిఫ్టట. బ్రహ్మాండం! చిన్న ప్రశ్న. గోదావరి జిల్లాల్లో ఆ మైక్రోస్కోపుల కింద ఎన్ని పలకలు పెట్టారు? అందులో థైలేరియా ఎన్ని, బెబీసియా ఎన్ని? మండలాలవారీగా గోడకు అంటించండి చూద్దాం. జెండా ఊపిన ఫొటో దొరుకుతుంది. జీమ్సా సీసా మూత తీసిన లెక్క దొరుకుతుందా?

తర్వాత ప్రభుత్వం మారింది. రైతు భరోసా కేంద్రం రైతు సేవా కేంద్రమైంది. అంతకుముందే రెండు గోదావరి జిల్లాలు ముక్కలయ్యాయి. బోర్డులు రాసేవాళ్లకు చేతినిండా పని. గోమారికి ఏ బోర్డయినా ఒకటే, అది చదవదు. ఢిల్లీ వాళ్లేమన్నా తక్కువా? 2019లో 13,343 కోట్లతో పశువ్యాధుల మీద యుద్ధం ప్రకటించారు. గాలికుంటు మీద, బ్రూసెల్లా మీద. మంచిదే. గోమారి జ్వరాలకు ఆ యుద్ధంలో కనీసం శత్రువు హోదా కూడా దక్కలేదు.

అసలు విడ్డూరం ఇంకోటుంది. ఒంగోలు ఆవు ఈ థైలేరియాకు అంత తేలిగ్గా లొంగదు. గేదె చాలాసార్లు ఆ క్రిమిని ఒంట్లో పెట్టుకుని కూడా తొణకదు. పడిపోయేది జెర్సీ, హోల్‌స్టీన్ సంకరాలే. ఎక్కువ పాలిస్తాయి, ఎద చూసి వీర్యం సూది వేయించండి అని ఊరూరా చాటింపు వేసిందెవరు? ఆ వీర్యం ద్రవ నత్రజని క్యానులో, మోటారుసైకిలు మీద, ఎంత మారుమూల లంకకైనా వస్తుంది. థైలేరియాకు టీకా కూడా ఉంది. ఎక్కడో కాదు, హైదరాబాద్ ఇండియన్ ఇమ్యునలాజికల్స్ తయారు చేసిందే. దాన్నీ ద్రవ నత్రజనిలోనే ఉంచాలి. అడిగితే 'చల్లగా చేరవేయడం కష్టమండీ' అంటారు. అదే క్యాను! అదే దారి! వీర్యానికి లేని కష్టం టీకాకు ఎక్కడి నుంచి ఊడిపడింది?

మనమూ తక్కువ తినలేదు లెండి. వరికి కొట్టగా మిగిలిన పురుగుమందు ఆవు ఒంటికి పూసే ఘనులం మనం. గోడ పగుళ్లలో గోమార్లు సంసారాలు పెడుతుంటే, ఆవుకు దిష్టి తగిలిందని ఎండు మిరపకాయలు తిప్పేదీ మనమే. కానీ పలక మీద నెత్తురు చూసి చెప్పాల్సిన పని రైతుది కాదు కదా?

ఆవు చెవికి 12 అంకెల పశు ఆధార్ మాత్రం ఉంది. కన్నం పొడిచి మరీ పచ్చ బిళ్ల బిగించారు. ఆ చెవిలోపల గుత్తులుగా వేలాడే గోమార్లు ఏ యాప్‌లోనూ ఎక్కవు. ఆవు చచ్చాక ఆ బిళ్లకు ఎక్కడలేని గిరాకీ. బిళ్ల లేకపోతే బీమా లేదు. అప్పుడు శవపరీక్షకు అందరూ వస్తారు. కోస్తారు. కాగితం రాస్తారు. అందులో మరణ కారణం గడి ఒకటుంటుంది. ఏం రాస్తారో తెలుసా? 'గోమారి జ్వరమని అనుమానం.'

ఆయ్! కోసి చూశాక కూడా అనుమానమేనండి!