తడ అవతలి సబ్సిడీకి కృతజ్ఞతలు

రాష్ట్ర ఆర్థిక శాఖ మంత్రివర్యులకు, సూళ్లూరుపేట నుంచి ఒక మోటారు సైకిలు ఆసామి నమస్కరించి రాసుకున్న బహిరంగ లేఖ.

అయ్యా, పెట్రోలు ధర ఇక మా చేతిలో లేదు, మార్కెట్టుదేనని ఢిల్లీ వాళ్లు 2010 జూన్‌లోనే చేతులు దులుపుకున్నారు. 2014 అక్టోబరులో డీజిలు వంతూ అయింది. సబ్సిడీ పోయిందని దేశమంతా నమ్మింది. మేం నమ్మలేదు. తడ దాటి తమిళనాడులోని ఆరంబాక్కం వెళితే మాకది ఇంకా దొరుకుతోంది మరి. 2025లో లీటరు పెట్రోలుకు అక్కడికీ ఇక్కడికీ ఎనిమిది రూపాయల దాకా తేడా. అవే కంపెనీలు, అదే సరుకు. ఇది తమిళనాడు దయ అంటారు కొందరు. నేనొప్పుకోను. మన పన్ను ఇంత లేకపోతే వాళ్ల రేటు చవగ్గా కనబడేదా? ఆ ఘనత తమదే.

కేంద్రం ఎక్సైజు సుంకాన్ని లీటరుకింతని రూపాయల్లో తీసుకుంటుంది. తమరు ఆ సుంకాన్నీ కలుపుకుని, పెట్రోలు మీద 31 శాతం వ్యాట్ వేస్తారు. అది చాలదన్నట్టు లీటరుకు మరో 4 రూపాయలు, రోడ్ల పేరుతో ఇంకో రూపాయి. (ఆ రూపాయి ఎటు పోయిందో మా వీధుల్లో బండి నడిపినవాడికి తెలుసు.) తమిళనాడు వాళ్లది 13 శాతం, పైన 11 రూపాయల 52 పైసలు. శాతంలో ఉన్న సుఖమేమిటంటే, ముడిచమురు ధర పెరిగినప్పుడల్లా జీవో తీయకుండానే ఖజానాకు రాబడి పెరుగుతుంది, మాట మాత్రం కేంద్రానికి వస్తుంది. 2021 ఆగస్టులో తమిళనాడు 3 రూపాయలు తగ్గించింది. ఆ నవంబరులో మన బంకుల ముందు ధర్నాలు చేసినవాళ్లు ఇప్పుడు అధికారంలో ఉన్నారు. 31 మాత్రం కదల్లేదు.

ఇక అసలు సంగతి. ఈ సబ్సిడీ నాబోటివాడికి అందదు. ఆరంబాక్కం పోయి రావడానికి నలభై కిలోమీటర్లు. పది లీటర్ల ట్యాంకు నింపితే మిగిలేది ఎనభై రూపాయలు, పోనూ రానూ దాదాపు అంత పెట్రోలూ కాలిపోతుంది. అందేదెవరికంటే, చెన్నై వైపు నుంచి వచ్చే లారీకి. డీజిలు తేడా నాలుగైదు రూపాయలే అయినా, మూడొందల లీటర్లు కొట్టిస్తే వెయ్యి దాటి మిగులుతుంది. అక్కడ ఫుల్ చేయించుకుని, దారిలో మా ఊరి చెంగాళమ్మ గుడిలో టెంకాయ కొట్టి, రాష్ట్రంలో మన రోడ్లన్నీ తిరుగుతుంది. దాని మీద తమకు పైసా పన్ను రాదు. అంటే తప్పించుకోగలిగినవాడు తప్పించుకుంటున్నాడు, ఊళ్లో తిరిగే ఆటోవాడు, పాలవాడు మొత్తం కడుతున్నారు. మా బంకులవాళ్లు వచ్చే పోయే లారీలను లెక్కపెట్టుకుంటున్నారు.

చంద్రయాన్-3కి 2023లో ఇంధనం నింపింది మా పక్కన శ్రీహరికోటలోనే. చంద్రుడి దాకా పోయే బండికి ఇక్కడే పోశారు, నా బండికేమో పక్క రాష్ట్రం వైపు చూడాల్సి వస్తోంది.

అందుకని మనవి. పెట్రోలు మీదా డీజిలు మీదా ఈ శాతాల వ్యాట్ తీసేసి లీటరుకింతని ఒక్కో అంకె పెట్టండి, తమిళనాడు రేటుకు దగ్గరగా. లారీలు ఇక్కడ ఆగితే తగ్గించినదాంట్లో కొంతైనా అమ్మకాల్లో తిరిగొస్తుంది. అంతవరకూ కుదరదంటే, ఆ 4 రూపాయలైనా ఎత్తేయండి.