విద్యాశాఖ మంత్రి గారికి: మా సింబాకు ఒక సీటు

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

హైదరాబాదులో నిజాంపేట వైపు ఒక అయిదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో నాలుగో అంతస్తున కాపురముంటున్న పౌరుడు నమస్కరించి రాసుకునే విన్నపం. మా కింది అంతస్తులో చదువు లేని ప్రాణి ఒకటి ఉంది. పేరు సింబా. వయసు రెండేళ్లు దాటింది. జాతి లాబ్రడార్. బరువు ముప్పై కిలోలకు పైమాటే. ఇంతవరకు ఏ బడి మొహమూ చూడలేదు. కార్పొరేట్ కాలేజీల హోర్డింగులు తప్పించుకుని వీధి దాటలేని మా పేటలో ఇలాంటి నిరక్షరాస్యత మిగిలిపోవడం మీ శాఖకు మంచి పేరు కాదు.

కుక్క సంగతి నాకెందుకు, మున్సిపాలిటీ లేదా అని తమరు అడగవచ్చు. అన్ని గడపలూ ఆలోచించాకే మీ గడప తొక్కుతున్నాను. మున్సిపాలిటీ అడిగేది లైసెన్సు, రేబిస్ టీకా. సింబాకు రెండూ ఉన్నాయి. మా అపార్ట్‌మెంట్‌లో కాగితాలన్నీ సక్రమంగా ఉన్న నివాసి బహుశా అదొక్కటే. ఇక అసోసియేషన్. భారత జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాలను మా ప్రెసిడెంటు గారు మీటింగులో చదివి వినిపించారు. మెజారిటీ తీర్మానం చేసినా సరే, పెంపుడు కుక్కను వద్దనే హక్కు సంఘానికి లేదు. లిఫ్టు ఎక్కనివ్వం అనకూడదు. మూతికి బుట్ట కట్టి తీరాలని శాసించకూడదు. మొరుగుతోంది అనేది వెళ్లగొట్టడానికి కారణం కాదు. గొలుసుతో తిప్పండి, మురికి మీరే ఎత్తండి అని మాత్రం బతిమాలుకోవచ్చు. ఇవి మంచి నియమాలేనని నా అభిప్రాయం. ఈ మాత్రం అడ్డు లేకపోతే నగరంలో సగం పెంపుడు కుక్కలు అసోసియేషన్ల పుణ్యాన రోడ్డున పడేవి.

పోలీసుల దగ్గరా ఒక దారి ఉంది. భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ప్రకారం, తన జంతువు వల్ల మనుషులకు ప్రమాదం రాకుండా చూసుకోని యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదంటే 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. కానీ పొద్దున కేసు పెట్టి సాయంత్రం అదే లిఫ్టులో సింబా ఇంటివాళ్ల పక్కన నిలబడడం నా వల్ల కాదు. పైగా సంక్రాంతికి వాళ్లింటి నుంచి అరిసెలు వస్తాయి. చాలా బాగుంటాయి.

కాబట్టి మీరే దిక్కు.

ఆ ఇంట్లో చదువంటే ప్రాణం పెడతారు. అబ్బాయికి ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్. అమ్మాయికి అబాకస్, కూచిపూడి, శనివారాలు ఈత. తాతగారు కూడా ఫోన్లో యోగా క్లాసు చూస్తూ కాళ్లు చాపుతారు. ఒక్క సింబా విషయంలోనే, "చిన్నవాడు కదండీ, పెద్దయితే వాడే నేర్చుకుంటాడు" అంటారు. అబ్బాయి లెక్కల గురించి ఈ మాట ఆ ఇంట్లో ఎవరి నోటా నేను వినలేదు.

2009 విద్యాహక్కు చట్టం ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల వారికి వర్తిస్తుంది. ఇది సింబాకు పనికిరాదు. లాబ్రడార్ ఆయుష్షే పది పన్నెండేళ్లు. ఏళ్లకు బదులు వారాలు అని సవరించాలని నా మనవి. కుక్కపిల్ల మనుషులకు, చప్పుళ్లకు, వాహనాలకు అలవాటు పడే వయసు సుమారు మూడో వారం నుంచి పద్నాలుగో వారం దాకానే. ఎనిమిది వారాలు నిండకుండా పిల్లను అమ్మకూడదని 2017 నాటి నిబంధనలు చెబుతున్నాయి. అంటే ఇంటికి తెచ్చాక యజమాని చేతిలో మిగిలేది నెలన్నర. టీకాలు పూర్తి కాలేదని ఆ నెలన్నరా సింబాను ఏసీ హాల్లోనే పెంచారు. భుజాన వేసుకుని గేటు దాకా తీసుకెళ్లి ఆటోలు, హెల్మెట్లు, గొడుగులు చూపించినా సరిపోయేది. ఇప్పుడు హెల్మెట్ పెట్టుకున్నవాడు, భుజాన నీళ్ల క్యాను మోసేవాడు దాని కంటికి గ్రహాంతరవాసులు.

చట్టంలోని 17వ సెక్షన్ మాత్రం యథాతథంగా ఉంచండి. పిల్లల్ని కొట్టకూడదనే ఆ సెక్షన్ సింబాకూ అవసరమే. తాతగారు అప్పుడప్పుడు పేపరు చుట్టి పైకెత్తుతారు. దాని వల్ల అది నేర్చుకున్నదేమీ లేదు, ఆదివారం అనుబంధాన్ని చూస్తే మంచం కిందికి దూరడం తప్ప.

చదువు లేదన్నాను కానీ, నేర్చుకోలేదని అనడం లేదు. నేర్చుకునే శక్తి దానికి అమోఘం. ఎవరైనా గుమ్మంలోకి రాగానే ముందు కాళ్లు వాళ్ల ఛాతీ మీద పెడుతుంది. ఇంటిల్లిపాదీ "అయ్యో, దిగు దిగు" అంటూ దాని చుట్టూ చేరి రెండు చేతులా తోస్తారు. అంతసేపు ఒంటరిగా పడుకున్న ప్రాణికి ఇంతకంటే పండగ ఏముంది? ఎగిరితే అందరూ ముట్టుకుంటారని దానికి రోజూ పాఠం చెబుతున్నారు. కొరియర్ కుర్రాడి విషయమూ అంతే. అతను బెల్లు కొడతాడు, ఇది తలుపు దద్దరిల్లేలా మొరుగుతుంది, అతను పార్శిల్ ఇచ్చి వెళ్లిపోతాడు. ఎలాగూ వెళ్లిపోయేవాడే. కానీ సింబా లెక్కలో అతణ్ని తరిమేసింది తానే. రోజుకు నాలుగు విజయాలు చూస్తున్న యోధుణ్ని మొరగవద్దంటే ఎందుకు వింటాడు?

పైగా బోధనా భాషలో గందరగోళం. సోఫా ఎక్కితే నాయనమ్మ "దిగరా నాయనా" అంటారు. ఇంటాయన "నో" అంటారు. ఇంటావిడ "డౌన్" అంటారు. అబ్బాయి యూట్యూబ్ చూసి "ఆఫ్" అంటాడు. అమ్మాయి ఏమీ అనకుండా పక్కకు జరిగి చోటిస్తుంది. ఈ అయిదింటిలో దానికి అర్థమైంది ఆఖరిదే. ఇక చుట్టాల ముందు "సిట్, సిట్, సిట్" అని పదిసార్లు అంటే పదకొండోసారి కూర్చుంటుంది. మొదటి పదీ లెక్కలోకి రావని దానికి నేర్పింది వాళ్లే.

చెప్పుల సంగతి ప్రత్యేకంగా విన్నవించాలి. తలుపు తీసి ఉంటే చాలు, అన్ని అంతస్తుల గుమ్మాల ముందూ తిరిగి చెప్పులు పోగు చేసుకుంటుంది. ఈ జాతి పూర్వీకులు ఇప్పటి కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరంలో జాలర్లకు వలలు లాగి, జారిపోయిన చేపలు పట్టి తెచ్చేవి. తర్వాత ఇంగ్లండు దొరలు వేటలో నేలకూలిన పక్షులను తెప్పించుకోవడానికి వీటిని తీర్చిదిద్దారు. అంతటి వంశాంకురాన్ని రెండు పడగ్గదుల ఫ్లాట్‌లో పెట్టి, రోజుకు పది నిమిషాలు వాచ్‌మన్‌తో కిందికి పంపితే, బాతులు లేని చోట బాటా చెప్పులు తెస్తుంది. నిత్యం కట్టేసి ఉంచే కుక్కను తగినంత తిప్పకపోవడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం కూడా. మొదటిసారికి జరిమానా పది రూపాయలకు తగ్గకుండా, యాభైకి మించకుండా. దాని నోటపడి పోయిన ఒక్క చెప్పు ఖరీదు అంతకంటే ఎక్కువ.

ఏమన్నా అంటే ఇంటావిడ తలుపు దగ్గర నిలబడి, "ఏమీ చేయడండీ, మా వాడు బంగారం. మీరు భయపడతారు కాబట్టి మీదికొస్తాడు" అంటారు. మన భారతం ఒక కుక్క ఫిర్యాదుతోనే కథలోకి వెళుతుంది కదా. జనమేజయుడి తమ్ముళ్లు తన కొడుకును నిష్కారణంగా కొట్టారని సరమ వచ్చి రాజును నిలదీసి శపిస్తుంది. ఈవిడది ఆ సరమ అంశ అయి ఉంటుంది. తేడా అల్లా, ఆ కథలో పిల్ల నిజంగానే ఏ తప్పూ చేయలేదు.

భయపడవద్దన్నారు కాబట్టి మేమే అభ్యాసం చేశాం. మూడో అంతస్తులో పని ఉంటే లిఫ్టులో నాలుగుకు వెళ్లి మెట్లు దిగుతాం. కూరగాయల సంచి ఛాతీ ఎత్తున పట్టుకుంటాం. పరిగెత్తం. దాని కళ్లలోకి చూడం. చెప్పులు లోపల విప్పుతాం. ఆ కుక్కకు తప్ప అపార్ట్‌మెంట్‌లో అందరికీ శిక్షణ పూర్తయింది.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. కానీ మంత్రి గారూ, ఈ చదువులేనితనం ఖరీదు కట్టేది మా వంటి ఫ్లాట్ల వాళ్లం కాదు. మా నాలుగిళ్లలో పని చేసే ఆవిడకు ఒకరోజు దాని పన్ను పిక్క మీద దిగింది. ఆటలోనే కావచ్చు. "టీకా వేయించామమ్మా, పసుపు రాయి" అని పంపేశారు. మేం కుళాయి కింద పదిహేను నిమిషాలు సబ్బుతో కడిగించి ఆసుపత్రికి పంపాం. లక్షణాలు బయటపడ్డాక రేబిస్‌కు మందు లేదు కాబట్టి అందులో మొహమాటాలు పనికిరావు. సర్కారు దవాఖానాలో సూది ఉచితమే. కానీ మొదటి సూది తర్వాత 3, 7, 28 రోజులకు మళ్లీ వెళ్లాలి. వెళ్లిన ప్రతి పూటా ఆవిడకు ఏదో ఒక ఇంట్లో మాట పడింది.

2023 జనవరిలో ఇదే నగరంలో, బంజారాహిల్స్‌లో, భోజనం తెచ్చిన ఒక డెలివరీ కుర్రాడు ఇంట్లోంచి జర్మన్ షెపర్డ్ మీదికి రావడంతో బెదిరి మూడో అంతస్తు నుంచి పడి ప్రాణాలు పోగొట్టుకున్నాడు. అదే ఏడాది మేలో మణికొండలో మరొకతను డోబర్‌మన్‌కు భయపడి మూడో అంతస్తు నుంచి దూకి ఎముకలు విరగ్గొట్టుకున్నాడు. ఆ తర్వాత 2024 మార్చిలో కేంద్రం 23 జాతుల కుక్కలను పెంచకూడదని రాష్ట్రాలకు లేఖ రాసింది. ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. కొట్టేయకపోయినా నాకు దాని మీద నమ్మకం లేదు. ఆ జాబితాలో లాబ్రడార్ ఎలాగూ లేదు. కుక్క జాతి చూస్తున్నారు, పెంచేవాళ్ల తీరు ఎవరూ చూడడం లేదు.

అందువల్ల సీటు సింబా పేరున అడిగినా, తరగతికి రావలసింది ఆ కుటుంబం మొత్తం. వయోజన విద్య కింద మా సెల్లార్లోనే కేంద్రం తెరవండి. సిలబస్ పెద్దదేం కాదు. ఇంట్లో అందరూ ఒకే మాట అనాలి, ఒక్కసారే అనాలి. నాలుగు కాళ్లూ నేల మీద ఉన్నప్పుడే తల నిమరాలి, ఎగిరితే అటు తిరిగి నిలబడాలి. కంచంలోంచి ముద్ద పెట్టకూడదు. బెల్లు మోగితే చాప మీదికి వెళ్లడం నేర్పి, వెళ్లిన మరుక్షణం బిస్కెట్ ఇవ్వాలి. పొద్దునా సాయంత్రం ఇంటివాళ్లే గొలుసు పట్టుకుని నడవాలి. దీనికి అప్పు చేసి ఫీజు కట్టనక్కర్లేదు, రోజుకు అరగంట ఓపిక చాలు.

పరీక్ష మాత్రం ఇంటర్నల్ మార్కులతో సరిపెట్టవద్దు. కొరియర్ కుర్రాణ్ని, నీళ్ల క్యాను అతణ్ని, పనిచేసే ఆవిడను ఎగ్జామినర్లుగా వేయండి. ముగ్గురూ గంట కొట్టి, లోపలికెళ్లి, చెక్కుచెదరకుండా బయటికి రావాలి. పాసైతే కుటుంబం ఫొటోను, సింబాను మధ్యలో కూర్చోబెట్టి, మా వీధి మొదట్లో హోర్డింగు మీద ఎక్కించడానికి అసోసియేషన్ నిధుల నుంచి చందా ఇప్పించే పూచీ నాది.

తమ శాఖ వారెవరైనా విచారణకు వస్తే ముందుగా ఆ ఇంటికి ఫోన్ చేసి కుక్కను కట్టేయమనండి. "ఏమీ చేయడండీ" అంటారు. అయినా సరే, కట్టేశాకే లిఫ్టు ఎక్కమని మీ వారికి చెప్పండి.

ఇట్లు,
తమ విధేయుడు,
నాలుగో అంతస్తు నివాసి